మందలోని చుట్టరికాలు

కొత్తగా గేదెను కొన్న సభ్యుని ఇంటికి వారం పది రోజుల తరువాత వెళ్ళి చూడండి. చాలాచోట్ల వినిపించే మాట ఒకటే. "నా కండ్ల ముందే పూటకు నాలుగు లీటర్లు పిండి చూపించిండు సారు. ఇంటికి తెచ్చినంక రెండున్నర దాటుతలేదు. మోసపోయిన." ముందు అమ్మినవాడిని, తరువాత బేరం కుదిర్చిన దళారిని తిట్టడం, చివరకు ఇంట్లోవాళ్ళే ఒకరినొకరు అనుకోవడం. నెల తిరగకుండానే ఆ గేదెను నష్టానికి మళ్ళీ సంతకు తోలినవారు టేకులపల్లి చుట్టుపక్కల కూడా లేకపోలేదు.

అమ్మకంలో మోసాలు జరుగుతాయి, కాదనలేము. ఒక పూట పిండకుండా వదిలి మరునాడు నిండు పొదుగు చూపించడం పాత విద్యే. అందుకే వరుసగా రెండు మూడు పూటలు దగ్గరుండి పిండించి చూసి కొనమని చెబుతుంటాము. మేత మారడం, నీరు మారడం, లారీలో వచ్చిన బడలిక కూడా పాలను తగ్గిస్తాయి. ఇవన్నీ సభ్యులకు తెలిసినవే. మనం అంతగా మాట్లాడుకోని కారణం మరొకటి ఉంది. ఆ గేదె తన వాళ్ళందరినీ పోగొట్టుకుని వచ్చింది.

ఈ మాటకు కొందరు నవ్వవచ్చు. పశువుకు వాళ్ళేమిటి, వీళ్ళేమిటి అనవచ్చు. కాని కొట్టంలో ఏ గేదె పక్కన ఏ గేదె పడుకుంటుంది, ఏది వస్తే ఏది గాడి దగ్గర నుంచి తప్పుకుంటుంది, ఏది దేని మెడ నాకుతుంది అని నాలుగు రోజులు ఓపికగా గమనిస్తే ఒక వరుస కనిపిస్తుంది. పశువుల నడవడిని పరిశీలించేవారు ఈ మధ్య కాలంలో దీన్ని బొమ్మగా గీస్తున్నారు. ఒక్కొక్క పశువుకు ఒక చుక్క, కలిసి మెలిగే రెంటి మధ్య ఒక గీత. పూర్తయ్యేసరికి అది చేపల వలలా ఉంటుంది. ఆ వల ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఈనితే మారుతుంది, అమ్మితే మారుతుంది, ముసలిదైతే మారుతుంది, వానాకాలానికి ఒక తీరుగాను, ఎండాకాలానికి మరొక తీరుగాను ఉంటుంది. మారిన ప్రతిసారీ ఎవరో ఒకరికి ఖర్చు పడుతుంది. పాడి పశువులలో ఆ ఖర్చు పాలలో కనిపిస్తుంది. మన పాల సంఘంలో కూడా ఇలాంటి ఖర్చు ఒకటుంది. పశువుల సంగతి ముగిశాక దాని దగ్గరకు వద్దాం.

ఎవరు పెద్ద, ఎవరు తోడు

దాదాపు నూరేళ్ళ క్రితం, 1920లలో, నార్వే దేశంలో షెల్డరప్-ఎబ్బె అనే ఆయన కోళ్ళ గుంపును గమనిస్తూ ఒక విషయం కనిపెట్టాడు. ఏ కోడి ఏ కోడిని పొడవవచ్చు అన్నదానికి గుంపులో ఒక క్రమం ఉంటుంది. పై కోడి అన్నిటినీ పొడుస్తుంది, దాన్ని ఎవరూ పొడవరు. అట్టడుగు కోడి అందరి పోట్లూ తింటుంది. ఈ క్రమం ఒకసారి కుదిరిన తరువాత కొట్లాటలు తగ్గిపోతాయి. ఎవరి చోటు వారికి తెలుస్తుంది కాబట్టి.

ఆవులలో, గేదెలలో కూడా ఇటువంటి పెద్దరికం ఉంది. వయసు, బరువు, కొమ్ములు, ఆ మందలో ఎన్నాళ్ళుగా ఉన్నది, ఇవన్నీ కలిసి పెద్దరికాన్ని నిర్ణయిస్తాయి. అయితే పెద్దరికం వేరు, తోడు వేరు. గాడి దగ్గర అందరినీ కుమ్మి తరిమే గేదె పక్కన మరొకటి పడుకోవడానికి ఇష్టపడకపోవచ్చు. మందను అడవికి తోలుకుపోయిన వారికి ఇంకో సంగతి కూడా తెలుసు. ముందు నడిచే ఆవు సాధారణంగా అందరికంటే బలమైనది కాదు. దారి తెలిసిన ఆవు, తొందరపడని ఆవు ముందు పోతుంది, మిగతావి దాని వెనుక పోతాయి. కొమ్ములు తిరిగినది మధ్యలో ఎక్కడో ఉంటుంది. మనుషులలో కూడా ఇంతేనేమో.

తోడు ఎంత కాలం నిలుస్తుందన్నదానికి కెన్యా దేశంలో జరిగిన ఒక పరిశీలన చెప్పుకోదగినది. రైన్‌హార్ట్ దంపతులు అక్కడ మూపురం గల ఆవుల మందను, అంటే మన నాటు ఆవుల వంటివాటిని, ఏళ్ళ తరబడి గమనించి 1981లో ఫలితాలు ప్రచురించారు. పెద్దగా మనిషి జోక్యం లేకుండా తిరిగే మంద అది. తల్లి ఆవు తరువాతి దూడను ఈనిన పిమ్మట కూడా ముందటి దూడను వదిలిపెట్టలేదు. పెరిగి పెద్దవైన బిడ్డలతోనే కలిసి మేయడం, వాటినే నాకడం ఎక్కువగా కనిపించింది. చుట్టరికం లేని ఆవుల మధ్య కూడా ఏళ్ళ తరబడి సాగిన జోడీలు ఉన్నాయి. మనం రెండో ఈత కాగానే పెయ్యను అమ్మేస్తాము, లేదా తల్లిని అమ్మి పెయ్యను ఉంచుకుంటాము. వాటికి ఇష్టమై విడిపోతున్నాయని మాత్రం అనుకోనక్కరలేదు.

జ్ఞాపకం మాటకొస్తే, గొర్రెకు తెలివి లేదని సామెతగా చెప్పుకునే మనకు ఒక చురక. ఇంగ్లండులో జరిపి 2001లో ప్రకటించిన ఒక పరిశోధనలో గొర్రెలు 50 ఇతర గొర్రెల ముఖాలను గుర్తుపట్టి, రెండేళ్ళకు పైగా మరిచిపోకుండా ఉన్నాయని తేలింది. ఊళ్ళో ఓట్ల జాబితాలో 50 ముఖాలను రెండేళ్ళ తరువాత గుర్తుపట్టలేని పెద్దమనుషులు మనలో ఉన్నారు.

గుంపు మారితే పాలెందుకు తగ్గుతాయి

కెనడా దేశపు పశ్చిమ తీరాన బ్రిటిష్ కొలంబియాలో 2008లో ఒక చిన్న ప్రయోగాన్ని ప్రచురించారు. ఒక గుంపులో కుదురుగా ఉన్న పాడి ఆవును తీసి, దానికి పరిచయం లేని గుంపులో వదిలారు. అంతకుముందు రోజుకు సుమారు 10 సార్లు గాడి దగ్గర నుంచి నెట్టివేయబడే ఆవు, కొత్త గుంపులో మొదటి రోజున సుమారు 25 సార్లు నెట్టివేయబడింది. రోజుకు ఇంచుమించు 43 కిలోల పాలిచ్చే ఆవులు 40 కిలోల దిగువకు వచ్చాయి. మేత అదే, నీరు అదే, కొట్టం కూడా అటువంటిదే. మారినది పక్కనున్న ముఖాలు మాత్రమే. కొద్ది రోజులకు ఎవరి చోటు వారికి తెలిసి గొడవ సద్దుమణుగుతుంది. కాని బాగా పాలిచ్చే దశలో పడిపోయిన పాలు మళ్ళీ పూర్తిగా ఎక్కుతాయన్న భరోసా ఉండదు.

గేదె విషయంలో ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. కారణం పొదుగు నిర్మాణంలోనే ఉంది. పొదుగులో పాలు రెండు చోట్ల ఉంటాయి. ఎక్కువ భాగం పైన సన్నని తిత్తులలో ఉంటుంది. కొంత భాగం చన్నులకు ఎగువనున్న ఖాళీలోకి ముందే దిగి ఉంటుంది. ఆవులో ఇలా ముందే దిగిన పాలు దాదాపు ఐదో వంతు ఉంటాయి. గేదెలో ఇరవయ్యో వంతు మాత్రమే. మిగిలినదంతా దిగాలంటే గేదె చేపాలి. చేపాలంటే దూడ మూతి తగలాలి, తెలిసిన చేయి తగలాలి, అలవాటైన చప్పుళ్ళు వినపడాలి. అప్పుడు మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే రసం రక్తంలోకి వచ్చి తిత్తులను పిండుతుంది. గేదె బెదిరితే వేరొక రసం, అడ్రినలిన్, వచ్చి ఆ పనిని అడ్డుకుంటుంది. కొత్త చోట, చుట్టూ కొత్త కొమ్ముల మధ్య, కొత్త మనిషి చేతిలో గేదె చేపకపోతే అది మొండితనం కాదు. పాలు పొదుగులోనే ఉంటాయి, కిందికి దిగవు. రెండు మూడు వారాలు ఇలాగే సరిగా పిండబడక మిగిలిపోతే ఆ తిత్తులు ఉత్పత్తిని తగ్గించుకుంటాయి. అప్పుడు నిజంగానే పాలు పోతాయి. సూది వేసి చేపించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. పశువైద్యుడు చెప్పకుండా ఆ సూది ముట్టవద్దు.

దూడ చచ్చిపోతే మన పెద్దలు దూడ తోలులో గడ్డి కూర్చి గేదె ముందు నిలబెట్టేవారు. చూడడానికి కష్టంగా ఉండే పద్ధతి, కాని దాని వెనుక ఉన్న గమనింపు సరైనది. పశువుకు తోడు భ్రమైనా కావాలి.

ఇక చేయదగిన పనులు. గేదెను దూడతో సహా కొనండి. దూడను వదిలి వస్తే రెండు వందలో మూడు వందలో కలిసిరావచ్చు, పోయేది అంతకన్నా ఎక్కువ. రెండు గేదెలను కొనే స్తోమత ఉంటే ఒకే కొట్టం నుంచి, అక్కడ పక్కపక్కన కట్టేసిన రెంటిని తెచ్చుకోండి. ఒకదానికి ఒకటి ధైర్యం. తెచ్చిన పశువును సుమారు మూడు వారాలు విడిగా ఉంచమని పశువైద్యులు చెబుతారు. గాలికుంటు, ముద్దచర్మ వ్యాధి వంటివి కొత్త పశువుతో ఇంట్లోకి రాకుండా ఉండాలంటే ఇది తప్పనిసరి. అయితే విడిగా అంటే ఇంటి వెనుక చీకటి మూలలో అని కాదు. మీ పాత పశువులకు కనబడేంత దూరంలో, గాడి, కుడితి తొట్టి వేరుగా ఉండేలా కట్టండి. వాసనలు, గొంతులు అలవాటు పడతాయి. మూడు వారాల తరువాత కలిపేటప్పుడు సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది.

కలిపిన తరువాత కొత్తదాన్ని కుమ్ముబోతు పక్కన కట్టకండి. నెమ్మదైన ముసలి గేదె పక్కన కట్టండి. గాడి దగ్గర చోటు ఇరుకైతే కొత్తదానికే మేత అందదు, ఎందుకంటే అన్నిటికన్నా చివరి చోటు దానిదే. దాణాలో లోపం లేదే, గేదె ఎందుకు చిక్కిందని ఆశ్చర్యపోయేవారు ఒకసారి గాడి దగ్గర నిలబడి చూడాలి. పిండే మనిషిని కనీసం నెల రోజుల పాటు మార్చవద్దు. మొదటి రోజే మందతో అడవికి తోలవద్దు. తోడు దొరకని పశువు తప్పిపోతుంది, వచ్చిన దారిన వెనుకకు పోవాలని చూస్తుంది. అలా పోయి పోడు పొలాలలో పడి, ఊరి పంచాయతీ వరకు వెళ్ళిన తగాదాలు ఈ ప్రాంతంలో కొత్త కాదు.

దూడల గురించి ఒక్క మాట. ఒంటరిగా కట్టేసిన దూడ కంటే జంటగా పెరిగిన దూడ ముందుగా గడ్డి, దాణా అలవాటు చేసుకుంటుందని, పాలు మాన్పించినప్పుడు తక్కువగా బెంగపడుతుందని పలు పరిశోధనలలో తేలింది. ఇంట్లో ఒక్క దూడే ఉంటే, పొరుగింటి దూడ ఆరోగ్యంగా ఉంటే, పగటిపూట రెంటినీ ఒకే చెట్టు కింద కట్టడానికి ఖర్చేమీ లేదు.

అడవిలో

కిన్నెరసాని అభయారణ్యం మన పక్కనే ఉంది. అక్కడి చుక్కల దుప్పులను చూసినవారికి తెలుసు, ఉదయం చూసిన గుంపు సాయంత్రానికి అదే గుంపు కాదు. గడ్డి మొలిచిన చోట కలుస్తాయి, నీడలోకి పోతూ విడిపోతాయి. తల్లి, దాని పిల్ల మాత్రమే కలిసి కదులుతాయి. అడవిదున్నలలో ఆడవి, పిల్లలు గుంపుగా ఉంటాయి. ముదిరిన పోతు తరచు ఒంటరిగా కనిపిస్తుంది. ఒకే అడవిలో, ఒకే గడ్డి తింటూ, ఒక్కో జాతి వల ఒక్కో విధంగా అల్లుకుంది.

కోతుల సంగతి మరీ ఆసక్తికరమైనది. కోతులంటే మన రైతులకు ఒళ్ళు మండుతుందని తెలుసు. అయినా వినండి. 1938లో మన దేశం నుంచి సుమారు 400 ఎర్రమూతి కోతులను ఓడలో తీసుకెళ్ళి అమెరికా సమీపాన పోర్టోరికో దగ్గర కాయో శాంటియాగో అనే చిన్న దీవిలో వదిలారు. వాటి సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. ఏ కోతికి ఏ కోతి చుట్టమో, ఏది ఎవరి పక్కన కూర్చుంటుందో తరతరాలుగా రాసిపెడుతూ వచ్చారు. 2017 సెప్టెంబరులో మరియా అనే పెనుతుపాను ఆ దీవిని తాకింది. చెట్లలో ఎక్కువ భాగం పోయాయి, నీడ కరువైంది. మిగిలిన కొద్ది నీడ కోసం కోతులు కొట్టుకు చస్తాయని అనుకోవడం సహజం. జరిగింది వేరు. కోతులు ఒకదాన్ని ఒకటి మునుపటికంటే ఎక్కువగా ఓర్చుకోవడం మొదలుపెట్టాయి. అంతకుముందు పక్కకు రానివ్వని కోతులతో కూడా కలిసి కూర్చున్నాయి. పాత స్నేహాలు బిగుసుకోవడం కంటే కొత్త పరిచయాలు పెరిగాయి. తుపానుకు ముందు ఒంటరిగా మెలిగిన కోతులే ఎక్కువ మార్పు చూపాయి. తరువాతి సంవత్సరాలలో, నీడ దగ్గర ఇతరులను ఓర్చుకోగలిగిన కోతులే ఎక్కువగా బతికి బయటపడ్డాయని 2024లో ప్రకటించారు. కొత్తగూడెం ఎండలు ఎరిగిన మనకు నీడ విలువ వేరే చెప్పనక్కరలేదు.

అదే దీవిలో ముసలి ఆడకోతులను గమనిస్తే ఇంకొకటి తెలిసింది. వయసు మీరే కొద్దీ అవి చుట్టూ ఉన్నవారి సంఖ్యను తగ్గించుకుంటాయి. ఇతరులు వెలివేయడం వల్ల కాదు, అవే తగ్గించుకుంటాయి. మిగుల్చుకునేది బిడ్డలను, పాత నేస్తాలను. స్కాట్లండు దగ్గర రమ్ అనే దీవిలో 1970ల నుంచి గమనిస్తున్న ఎర్ర జింకలలో కూడా ముసలి ఆడజింకలు గుంపుకు దూరంగా జరుగుతాయి. ఉగాండాలోని కిబలే అడవిలో 20 ఏళ్ళ పాటు చూసిన మగ చింపాంజీలు ముసలితనంలో జగడాలు తగ్గించుకుని, తమను ఇష్టపడే ఒకరిద్దరితోనే ఎక్కువగా గడిపాయి. మనుషులలో కూడా వయసుతో పాటు పరిచయాలు తగ్గి, దగ్గరివాళ్ళు మాత్రం మిగులుతారని అమెరికాలో లారా కార్‌స్టెన్‌సెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎంతోకాలంగా చెబుతూ వచ్చారు. తాత పెళ్ళికి రానన్నాడని, అరుగు మీద ఆ ఇద్దరు ముసలివాళ్ళతోనే కూర్చుంటాడని విసుక్కునే మనవళ్ళు ఇది గమనించాలి.

మన సంగతి

ఇప్పుడు మనుషుల దగ్గరకు వద్దాం. టేకులపల్లి ప్రాంతంలో పశువు, మనిషి వలలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉన్నాయి. తాండా అన్న మాటనే తీసుకోండి. ఇవాళ తాండా అంటే లంబాడీలు స్థిరంగా ఉండే పల్లె. ఒకప్పుడు తాండా అంటే కదిలే బిడారు. వేల ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను అంతటా, సైన్యాల వెంట కూడా, తిరిగినవారు లంబాడీలు. రైళ్ళు, రోడ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. ఎడ్ల బిడారు ఆగిన చోట పల్లె అయింది. దేశమంతా పరుచుకున్న పరిచయాల వల కొన్ని మైళ్ళలోకి కుదించుకుంది, దానికి బదులు పక్క గూడెంతో, పక్క ఊరితో కొత్త గీతలు పడ్డాయి. నాయకుడు, కారోబారి పెద్దరికం మాత్రం కొత్త పల్లెలోకి కూడా వచ్చింది. 2018లో తెలంగాణలో అనేక తాండాలు, గూడేలు విడి గ్రామ పంచాయతీలు కావడంతో ఆ గీతలు మళ్ళీ మారుతున్నాయి. కోయగూడేలలో ఎవరు ఎవరికి అన్నదమ్ములో, ఎవరి ఇంటి పిల్లను చేసుకోవచ్చో చెప్పే గట్టులు ఇంకా ఉన్నాయి. యెల్లందులో 1880ల చివర బొగ్గు తవ్వకం మొదలైనప్పటి నుంచి బావి పనికి వెళ్ళిన మనిషికి గట్టు, తాండా కాని మరో వల ఏర్పడింది. అది షిఫ్టులో పక్కన దిగినవాడితో.

పశువు చేతులు మారే దారి కూడా మారింది. వెనుక ఆడపిల్లకు అరణంగా ఆవును ఇచ్చేవారు. ఆ ఆవు తల్లి ఎవరిదో, ఎన్ని ఈతలు ఈనిందో, ఎంత నెమ్మదో రెండు కుటుంబాలకు తెలుసు. సగం పాలికి పశువును మేపడానికి ఇచ్చేవారు, పుట్టిన దూడలను పంచుకునేవారు. ఊరి మందకు ఊరంతా కలిసి ఒక కాపరిని పెట్టుకునేది. పొద్దున మంద కదిలేచోట, సాయంత్రం మంద దిగేచోట అందరూ కనబడేవారు. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఒక్క గేదె, కొట్టంలో మేత, సంతలో ఎవరో తెలియని మనిషి నుంచి కొనుగోలు. గేదెకు పాత తోడు లేకపోవడం, కొనేవాడికి అమ్మేవాడు తెలియకపోవడం, రెండూ ఒకే మార్పుకు రెండు ముఖాలు. వెనుకటి రోజులు బంగారమని నేను అనడం లేదు. ఊరి మందలో రోగం వస్తే అందరి పశువులూ పోయేవి, కాపరి పిల్లలకు చదువు ఉండేది కాదు. ఏది పోయిందో తెలియాలని మాత్రమే.

మనిషి పరిచయాలు ఎంత త్వరగా మారతాయో చూడండి. నెదర్లాండ్స్‌లో కొన్ని వందల మందిని ఏడేళ్ళ ఎడంతో రెండుసార్లు ప్రశ్నించి 2009లో ఫలితం చెప్పారు. మీకు దగ్గరివాళ్ళెవరు, సాయం కావాలంటే ఎవరిని అడుగుతారు అని. మనుషుల లెక్క ఇంచుమించు అంతే ఉంది, కాని పేర్లలో దాదాపు సగం మారిపోయాయి. అక్కడి జీవితం వేరు, మన ఊళ్ళో పేర్లు అంత త్వరగా మారవని అనిపించవచ్చు.

మనకు దగ్గరి ఉదాహరణ పక్క రాష్ట్రంలోనే ఉంది. కర్ణాటకలో 75 పల్లెలలో ఎవరు ఎవరి దగ్గర చేబదులు తీసుకుంటారు, ఎవరిని సలహా అడుగుతారు, ఎవరింటికి వెళతారు అని 2006లో ఇంటింటికీ తిరిగి రాసుకున్నారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, వారి సహచరులు చేసిన పని అది. ఆ ఇద్దరికీ తరువాత 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పల్లెలలో 43 చోట్లకు ఒక చిన్న రుణాల సంస్థ వచ్చింది. 2012లో మళ్ళీ వెళ్ళి రాసుకుంటే, రుణాలు వచ్చిన పల్లెలలో ఈ గీతలు తగ్గిపోయాయి. అప్పు తీసుకున్నవారికి చేబదులు అవసరం తగ్గింది, అది అర్థమవుతుంది. ఆశ్చర్యం కలిగించేది ఇంకొకటి. అప్పు తీసుకోని ఇళ్ళ మధ్య ఉన్న గీతలు కూడా అంతగానే తెగాయి. హైదరాబాదు బస్తీలలో చూసినా ఇటువంటి ఫలితమే వచ్చింది.

వారు చెప్పిన కారణం పల్లెలో పెరిగినవారికి వెంటనే తడుతుంది. పరిచయం ఒక చోట కలవడం వల్ల నిలుస్తుంది. నలుగురూ వస్తారని నేను అరుగు దగ్గరకు పోతాను. ఇద్దరికి అవసరం తీరి రావడం మానితే, మిగిలిన ఇద్దరికి కూడా వచ్చి లాభం తగ్గుతుంది. వాళ్ళూ మానేస్తారు. అవసరం తీరని మనిషి, అప్పు దొరకని మనిషి, ఏమీ చేయకుండానే తన వాళ్ళను పోగొట్టుకుంటాడు. మందలో అందరికన్నా చివరి చోటున్న గేదె మాదిరి.

ఈ చోట మన పాల కేంద్రం గుర్తుకు రావాలి. రోజుకు రెండు పూటలు, క్యానులు పట్టుకుని, కొలతకు, వెన్న పరీక్షకు వరుసలో నిలబడే ఆ అరగంట చాలామందికి విసుగు. కాని ఎవరి గేదె ఎదకు వచ్చింది, సూదులు వేసే గోపాలమిత్ర ఎప్పుడు వస్తాడు, ఎవరింట్లో జ్వరాలు, ఎవరి దగ్గర పచ్చిమేత విత్తనం ఉంది అన్న కబుర్లన్నీ ఆ వరుసలోనే చేతులు మారతాయి. కోయ ఇంటి మహిళ, లంబాడీ ఇంటి యువకుడు, ఊరి రైతు పక్కపక్కన నిలబడే చోట్లు పల్లెలో ఎన్ని ఉన్నాయో లెక్క వేసుకోండి. బిల్లు బ్యాంకు ఖాతాలో పడడం, తూకం యంత్రం మీద కనబడడం మంచివే. దొంగ కొలతల గొడవ తగ్గింది. వాటిని వద్దనడం తెలివితక్కువ. నా భయం వేరు. కొలత త్వరగా అయిపోతే, పాలు పిల్లవాడి చేత పంపిస్తే, ఆ అరగంట ఎక్కడికి పోతుంది? కర్ణాటక పల్లెలలో రుణాల వల్ల జరిగినది మన కేంద్రంలో జరిగి తీరుతుందని ఎవరూ నిరూపించలేదు. కాని జరిగే తీరు అదే తీరుగా కనబడుతోంది.

సంఘాలలో సభ్యులు ఎప్పుడు తప్పిపోతారో గమనిస్తే నాకు కనిపించిన సంగతి ఇది. తగాదా పెట్టుకుని పోయేవారు తక్కువ. గేదె వట్టిపోయినప్పుడు ఎక్కువమంది తప్పిపోతారు. మూడు నాలుగు నెలలు పోయడానికి పాలు ఉండవు. పాలు లేకుండా కేంద్రానికి వెళ్ళడం నామోషీ. ఆ నెలలలో కబుర్లు అందవు, దాణా వచ్చిన సంగతి తెలియదు, సర్వసభ్య సమావేశం నోటీసు చేరదు. గేదె ఈనేసరికి సంఘంలో ముఖాలు కొంత మారి ఉంటాయి. ఇంతలో ఇంటి ముందుకు వచ్చి పాలు అడిగే ప్రైవేటు మనిషి, చేతిలో కొంత బయానా పెడతాడు. అతనికి పాలు పోయడం మొదలైతే మళ్ళీ వరుసలోకి రావడం కష్టం. రావాలని లేక కాదు. వచ్చి ఎవరి పక్కన నిలబడాలో తెలియక. ఆడవారి విషయంలో, ముఖ్యంగా కొత్తగా కాపురానికి వచ్చినవారి విషయంలో, ఇది మరీ నిజం.

అందుకని సంఘ కార్యదర్శులకు ఒక సూచన. పాల పుస్తకం చివరి పేజీలో వట్టిపోయిన గేదెల జాబితా ఒకటి రాయండి. సభ్యుని పేరు, గేదె ఎప్పుడు వట్టిపోయింది, ఎప్పుడు ఈనవచ్చు, ఇంతే. ఆ ఇంటి దారిన రోజూ కేంద్రానికి వచ్చే సభ్యుడు ఎవరో పక్కన రాయండి. అతను వారానికొకసారి ఆ ఇంటి ముందు ఆగి, చూడి గేదెకు మేత ఎలా ఉంది, ఖనిజ లవణ మిశ్రమం పెడుతున్నారా అని అడిగితే చాలు. పాలు లేకపోయినా సాయంత్రం ఒకసారి కేంద్రం దాకా వచ్చి పొమ్మని చెప్పవచ్చు. గేదె ఈనిన రోజున జున్ను కబురు ఎలాగూ కేంద్రానికి చేరుతుంది. అప్పుడు జాబితాలో ఆ పేరు కొట్టివేసి, పాల పుస్తకం ముందు పేజీలలోకి ఎక్కించండి.